తరవాణిలోని జిగురు బాక్టీరియాను వేరుచేసి గుర్తించడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పాత పద్ధతి వంటగది మిగిలి ఉంటే, అందులో ఒక మూల తరవాణి కుండ కూడా మిగిలి ఉండే అవకాశం ఉంది. గంజి, బియ్యం కడిగిన నీళ్లు, రాత్రి మిగిలిన అన్నం అందులో పడుతుంటాయి. ఆ కుండను పూర్తిగా ఖాళీ చేయరు. అడుగున ఉంచిన పులిసిన నీళ్లే మరునాటి పులుపుకు తోడు. ఒడియా ఇరుగుపొరుగు పఖాళ (నీళ్లలో పులియబెట్టిన అన్నం) మీద తేరిన నీళ్లను తొరాణి అంటారు. వేసవిలో ఒక్కోరోజు ఆ నీళ్లు గరిటె నుంచి కాస్త జిగురుగా జారడం, రెండో రోజు ఇడ్లీ పిండి తీగలా సాగడం మీరు చూసే ఉంటారు. ఆ జిగురులో కొంత ధాన్యంలోని పిండిదీ, మినుములోని బంకదీ. కొంత మాత్రం లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా తమ కణాల వెలుపలికి వదిలే పాలీశాకరైడ్లది, అంటే పొడవాటి చక్కెర గొలుసులది. ఆ రెండో రకాన్ని, దాన్ని చేసే జీవిని పట్టుకోవడం ఎలాగో డిగ్రీ, పీజీ ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ పదార్థాల విలువ కొత్తగా కనిపెట్టినది కాదు. చక్కెర ద్రావణాలను జిగురుగా మార్చే ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్ అనే బాక్టీరియాకు 1878లోనే వాన్ టీగెమ్ పేరు పెట్టాడు. అది చేసే డెక్స్‌ట్రాన్ అనే జిగురు తరువాతి కాలంలో రక్తంలోని ప్లాస్మా పరిమాణాన్ని నిలబెట్టే ద్రవంగా ఆసుపత్రులకు చేరింది. చెరకు మిల్లులో ఇదే జిగురు నష్టం కలిగిస్తుంది; పెరుగులో, ఇడ్లీ పిండిలో ఇలాంటి జిగురే మెత్తదనాన్నీ నిలుపుదలనూ ఇస్తుంది. మన ఇళ్లలోని ఇడ్లీ పిండిలో పొంగుకూ పులుపుకూ ప్రధానంగా కారణమయ్యే బాక్టీరియాల్లో ఆ ల్యూకోనోస్టాక్ ఒకటి.

నమూనా తేవడం

ఎక్కడ వెతకాలన్నది ముందు నిర్ణయించుకోండి. మన ప్రాంతంలో తరవాణి, చోడంబలి, ఇడ్లీ పిండి, తోడు పెట్టిన పెరుగు, రాయగడ, కోరాపుట్ కొండల వైపు దొరికే జీలుగు కల్లు, ఇవన్నీ మంచి వనరులే. నా సలహా ఏమిటంటే ఏదో ఒక పదార్థాన్ని ఎంచుకుని, పది ఇళ్ల నుంచి పది నమూనాలు తీసుకోండి. పది పదార్థాలను ఒక్కొక్కటి చొప్పున తెచ్చిన ప్రాజెక్టులో ఏ పోలికకూ ఆధారం ఉండదు.

ఒక్కో నమూనాను 50 మిల్లీలీటర్ల స్టెరైల్ ట్యూబులోకి, ఆటోక్లేవ్ చేసిన చెంచాతో తీసుకుని, ఐస్‌ప్యాక్‌లు పెట్టిన డబ్బాలో ఉంచండి. గుణుపురం నుంచి బరంపురం ల్యాబుకు బస్సులో వచ్చేసరికి సగం రోజు గడిచిపోతుంది, మే నెలలో అయితే ఆ సగం రోజులోనే నమూనాలోని జీవుల నిష్పత్తి మారిపోతుంది. అందువల్ల ఐస్ ఖర్చుకు వెనకాడవద్దు. 24 గంటలలోపు ప్లేటింగ్, అంటే నమూనాను మీడియం ప్లేట్ల మీద పరచడం, పూర్తి కావాలి.

తీసుకునేటప్పుడే నోట్‌బుక్‌లో రాయవలసినవి కొన్ని ఉన్నాయి: కుండ మట్టిదా, స్టీలుదా, ఎన్ని రోజుల పులుపు, ఏ బియ్యం, ఉప్పు ఎప్పుడు వేస్తారు, తోడు ఎక్కడి నుంచి వచ్చింది, తీసిన వేళకు పీహెచ్ ఎంత. ఆ ఇంటి అమ్మగారిని నిదానంగా అడిగితే కుండ చరిత్ర మొత్తం చెబుతారు, ఆ చరిత్ర తరువాత మీ ఫలితాలను అర్థం చేసుకోవడానికి ఏ పరికరం ఇవ్వలేని సమాచారాన్ని ఇస్తుంది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, వారి అంగీకారం తీసుకోండి. పేటెంటు ఆలోచన ఏమాత్రం ఉన్నా, 2002 నాటి జీవవైవిధ్య చట్టాన్నీ దాని 2023 సవరణనూ ఈ దశలోనే చదివి, మీ గైడ్‌తో చర్చించండి.

మీడియం, పలచన, ప్లేటింగ్

లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాకు వాడే మీడియం (పెంచే పోషక మిశ్రమం) ఎంఆర్ఎస్. 1960లో దాన్ని ప్రకటించిన డి మాన్, రోగోసా, షార్ప్ అనే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. తయారు పొడి కొనలేని ల్యాబులో దీన్ని మీరే కలుపుకోవచ్చు. లీటరు నీటికి పెప్టోన్ 10 గ్రాములు, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ 10, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, గ్లూకోజ్ 20, సోడియం అసిటేట్ 5, అమ్మోనియం సిట్రేట్ 2, డైపొటాషియం ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, మాంగనీస్ సల్ఫేట్ 0.05 గ్రాములు, ట్వీన్ 80 ఒక మిల్లీలీటరు వేసి, పీహెచ్‌ను 6.2 నుంచి 6.5 మధ్యకు సరిచేసి, ప్లేట్లకైతే 15 గ్రాముల అగార్ కలిపి, 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి. మాంగనీసు చిటికెడే కదా అని వదిలేయకండి. ఈ బాక్టీరియాలో చాలావాటికి అది తప్పనిసరి.

10 గ్రాముల నమూనాను 90 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పు నీటిలో బాగా కలిపి, అక్కడి నుంచి ఒక మిల్లీలీటరు చొప్పున 9 మిల్లీలీటర్లలోకి మారుస్తూ పదేసి రెట్లు పలచన చేసుకుంటూ వెళ్లండి. ప్రతి పలచనకూ పిపెట్ టిప్ మార్చాలి. నాలుగో పలచన నుంచి ఏడో పలచన వరకు 0.1 మిల్లీలీటరు చొప్పున ప్లేట్ల మీద పరిస్తే, వాటిలో ఏదో ఒకదానిపై లెక్కించదగిన 30 నుంచి 300 కాలనీలు వస్తాయి. తరవాణిలోనూ కల్లులోనూ ఈస్టు ఎక్కువ కాబట్టి, దాన్ని ఆపడానికి మీడియంలో నటామైసిన్ గానీ సైక్లోహెక్సిమైడ్ గానీ కలపాలి. సైక్లోహెక్సిమైడ్ మనిషికీ విషమే. చేతి తొడుగులు లేకుండా దాన్ని తూచవద్దు.

మొదటి ప్లేట్లలో ఒక శాతం కాల్షియం కార్బొనేట్ కూడా కలపమని నేను ఎప్పుడూ చెబుతాను. ఆమ్లం తయారుచేసే కాలనీ తన చుట్టూ ఉన్న సుద్దను కరిగించుకోవడం వల్ల, తెల్లని ప్లేటు మీద ఆ కాలనీ చుట్టూ పారదర్శకమైన వలయం ఏర్పడుతుంది. 30 డిగ్రీల వద్ద 48 గంటల తరువాత ఆ వలయం ఉన్నవాటినే ఏరుకోండి. మూతపడే జాడీలో ప్లేట్లతోపాటు కొవ్వొత్తి వెలిగించి మూసినా, అది ఆరిపోయేసరికి లోపల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఈ పనికి ఆ ఏర్పాటు చాలు.

జిగురును చూడటం

ఏరిన కాలనీలను ఇప్పుడు రెండు రకాల ప్లేట్ల మీద పక్కపక్కన గీయండి. ఒకటి మామూలు గ్లూకోజ్ ఎంఆర్ఎస్; రెండోది గ్లూకోజ్ తీసివేసి, దాని స్థానంలో లీటరుకు 50 నుంచి 100 గ్రాముల సుక్రోజ్, అంటే మన వంటింటి పంచదారలోని చక్కెరే, వేసినది. సుక్రోజ్‌ను విడిగా గాఢ ద్రావణంగా స్టెరిలైజ్ చేసి తరువాత కలపడం మేలు, ఎందుకంటే మిగతా పదార్థాలతో కలిపి వేడిచేస్తే కొంత విడిపోతుంది, మీడియం రంగూ ముదురుతుంది.

ఈ రెండు ప్లేట్ల పోలికలో ఎంతో సమాచారం ఉంది. ల్యూకోనోస్టాక్, దానికి దగ్గరి బాక్టీరియా వైసెల్లా వంటివి డెక్స్‌ట్రాన్‌ను సుక్రోజ్ నుంచి మాత్రమే చేస్తాయి. వాటి ఎంజైము కణం బయటే ఉండి, సుక్రోజ్‌ను విడగొట్టి, గ్లూకోజ్ ముక్కలను గొలుసుగా కలుపుతూ ఫ్రక్టోజ్‌ను వదిలేస్తుంది. అందువల్ల సుక్రోజ్ ప్లేటు మీద ఉబ్బి నీటిబొట్టులా మెరిసే కాలనీయే గ్లూకోజ్ ప్లేటు మీద గుండుసూది తలంత చుక్కగా, పొడిగా కనిపిస్తుంది. రెండింటి మీదా జిగురు వస్తే అది బహుశా కణం లోపల పలు రకాల చక్కెరలతో నిర్మించే హెటెరోపాలీశాకరైడ్ అయి ఉంటుంది. పెరుగులోని స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ చేసేది ఈ రకమే. దిగుబడిలో రెండింటికీ చాలా తేడా ఉంది: డెక్స్‌ట్రాన్ లీటరుకు గ్రాముల్లో వస్తుంది, రెండోది సాధారణంగా మిల్లీగ్రాముల్లోనే. మొదటిసారి ప్రయత్నిస్తున్నవారు డెక్స్‌ట్రాన్ వైపు వెళ్లడమే మంచిది.

సుక్రోజ్ ప్లేటును కిటికీ వెలుతురుకు ఎదురుగా కొద్దిగా వంచి చూడండి. జిగురు కాలనీ అంచు గుండ్రంగా నిలవకుండా, పంచదార పాకం చుక్కలా పల్లం వైపు నెమ్మదిగా జారుతుంది. చల్లారిన లూప్‌తో దాన్ని తాకి పైకి ఎత్తండి. తీగపాకం వేళ్ల మధ్య సాగినట్టు సాగితే అది తీగసాగే రకం, సాధారణంగా 5 మిల్లీమీటర్లకు మించి సాగినదాన్నే అలా లెక్కిస్తారు. సాగకుండా వెన్నలా లూప్‌కు అంటుకుంటే అది మ్యూకాయిడ్ రకం. సాగనిది పనికిరాదనుకోవడం పొరపాటు. సాగడం అన్నది పాలీశాకరైడ్ ఎంత ఉందన్నదాని కంటే దాని అణువు ఎంత పొడవు, ఎలాంటి నిర్మాణం అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఉష్ణోగ్రత విషయంలో మన ప్రాంతపు విద్యార్థులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ల్యూకోనోస్టాక్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య జిగురు బాగా చేస్తుంది, 37 వద్ద చాలావరకు మానేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గది వేడి 36 దాటినప్పుడు, వేడిచేయడం మాత్రమే తెలిసిన మామూలు ఇంక్యుబేటర్‌ను 25కు తిప్పినా లోపల గది వేడే ఉంటుంది. చల్లబరిచే సౌకర్యం ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ తప్పనిసరి, లోపల ఒక థర్మామీటరు విడిగా పెట్టి చూసుకోవాలి. ‘మా నమూనాలో జిగురు బాక్టీరియా లేవు’ అని వేసవిలో ముగించిన ప్రాజెక్టును శీతాకాలంలో మళ్లీ చేసి చూడవలసిందే.

మెరిసేదల్లా మనకు కావలసింది కాదని కూడా గుర్తుంచుకోండి. క్లెబ్‌సియెల్లా వంటి రోగకారకాలు కూడా దట్టమైన తొడుగుతో మెరిసే కాలనీలు ఇస్తాయి. అందువల్ల ఏ దశలోనూ ప్లేటును వాసన చూడవద్దు, నోటితో పిపెట్ పీల్చవద్దు, వాడిన ప్రతి ప్లేటునూ ఆటోక్లేవ్ చేశాకే పారవేయండి.

శుద్ధి, తొలి పరీక్షలు

ఎంచుకున్న కాలనీని మూడుసార్లు వరుసగా స్ట్రీక్ చేసి, ప్రతిసారీ విడిగా నిలిచిన ఒక్క కాలనీనే తీసుకోవాలి. జిగురులో మరొక జీవి చిక్కుకుని మీతోపాటే ప్రయాణించడం చాలా మామూలు. కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

గ్రామ్ స్టెయినింగ్‌కు 18 నుంచి 24 గంటల వయసున్న కల్చర్ వాడండి, ముసలి కణాలు ఊదా రంగును వదిలేసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. మనకు కావలసినవి గ్రామ్ పాజిటివ్. స్లైడు మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు రాకూడదు. బుడగలు వచ్చి, కణాలు పొడవాటి కడ్డీలై, వాటిలో స్పోర్లు కనిపిస్తే అది బాసిల్లస్. అది కూడా సుక్రోజ్ నుంచి లెవాన్ అనే జిగురును చేయగలదు, కానీ దాని కథ వేరు.

తరువాత డర్హమ్ ట్యూబు అనే చిన్న గాజు గొట్టాన్ని తలకిందులుగా ఉంచిన గ్లూకోజ్ బ్రాత్‌లో (అగార్ కలపని ద్రవ మీడియంలో) పెంచి, గ్యాస్ వస్తుందో లేదో చూడండి. ఈ బ్రాత్‌లో సిట్రేట్ వేయకండి, దాని నుంచి కూడా గ్యాస్ రావచ్చు. గ్యాస్ వచ్చి, కణాలు జంటలుగా, చిన్న గొలుసులుగా ఉంటే ల్యూకోనోస్టాక్ లేదా వైసెల్లా అని అనుమానించవచ్చు. ఆర్జినిన్ నుంచి అమ్మోనియా చేయనిది ల్యూకోనోస్టాక్. వైసెల్లా కన్ఫ్యూసా, వైసెల్లా సిబారియా సాధారణంగా చేస్తాయి. ఇంతవరకు ఖర్చు చాలా తక్కువ, అయినా ఈ పరీక్షలతోనే సగానికి పైగా ఐసోలేట్లను, అంటే వేరుచేసిన బాక్టీరియాలను, పక్కన పెట్టేయవచ్చు.

జిగురును వెలికితీసి తూచడం

ఈ భాగం మీద నేను ఎక్కువసేపు నిలబడటానికి కారణం ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను పద్నాలుగు ఐసోలేట్లను సుక్రోజ్ ఎంఆర్ఎస్ బ్రాత్‌లో పెంచి, ఆల్కహాల్ పోసి, ప్రతి ట్యూబులోనూ తెల్లని దూదిపింజల్లాంటి పదార్థం అడుగుకు దిగడం చూసి, అన్నీ పాలీశాకరైడ్ చేస్తున్నాయని రాసుకున్నాను. నెల రోజుల తరువాత, బాక్టీరియా వేయని ఖాళీ బ్రాత్‌కు కూడా అదే పని చేసి చూడమని మా గైడ్ చెప్పారు. అందులోనూ తెల్లని పదార్థం దిగింది. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఈస్టు కణాల గోడల నుంచి వచ్చిన మన్నాన్ ఉంటుంది. అది కూడా పాలీశాకరైడే, ఆల్కహాల్‌లో అదీ దిగుతుంది. నా పద్నాలుగింటిలో తొమ్మిది ఖాళీ బ్రాత్‌ను మించలేదు. ఆ నెల పని మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది. అందుకే చెబుతున్నాను: ప్రతి బ్యాచ్‌లోనూ ఖాళీ బ్రాత్ ట్యూబులు మూడు ఉండాలి, వాటికి వచ్చిన బరువును మీ ఫలితంలో నుంచి తీసివేయాలి.

పద్ధతి ఇది. సుక్రోజ్ బ్రాత్‌లో 25 డిగ్రీల వద్ద 48 గంటలు పెంచిన కల్చర్‌ను, జిగురును విడగొట్టే ఎంజైములు నశించేలా, 100 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచి చల్లార్చండి. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లాన్ని చివరి గాఢత 4 శాతం అయ్యేలా కలిపి కదిలిస్తే ప్రోటీన్లు విరుగుతాయి. 10,000 జీ వద్ద 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని తీసుకోండి. కల్చర్ మరీ చిక్కగా ఉండి కణాలు దిగకపోతే, ముందే నీళ్లతో పలచన చేయడం తప్ప మార్గం లేదు. ఆ ద్రవానికి ఫ్రిజ్‌లో చల్లార్చిన ఇథనాల్‌ను మూడు రెట్లు, నెమ్మదిగా కలుపుతూ పోసి, 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాలి. ఉదయం అడుగున దిగినదాన్ని సెంట్రిఫ్యూజ్‌తో వేరుచేసి, డిస్టిల్డ్ నీటిలో కరిగించి, 12 నుంచి 14 కిలోడాల్టన్ల డయాలిసిస్ గొట్టంలో (చిన్న అణువులను బయటికి పోనిచ్చి పెద్దవాటిని ఆపేది) కట్టి, రోజుకు రెండుసార్లు నీళ్లు మారుస్తూ రెండు రోజులు ఉంచండి.

డయాలిసిస్‌ను దాటవేయాలన్న ఆశ కలుగుతుంది, ముఖ్యంగా గడువు దగ్గరపడినప్పుడు. వదలవద్దు. బాక్టీరియా వాడుకోకుండా మిగిలిన సుక్రోజ్‌లో కొంత ఆ జిగురుతోనే అంటుకుని వస్తుంది, తరువాత చేసే చక్కెర పరీక్షలో అది కూడా పాలీశాకరైడ్‌గానే లెక్కకు వస్తుంది. అలా పెద్ద అంకెలు రావడం సులభమే, అవి నిజమైనవి కావు.

ఆరబెట్టి తూచిన తరువాత ఫినాల్-సల్ఫ్యూరిక్ ఆమ్ల పద్ధతిలో మొత్తం చక్కెరను కొలవండి: ఒక మిల్లీలీటరు నమూనాకు 5 శాతం ఫినాల్ ఒక మిల్లీలీటరు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు కలిపితే నారింజ రంగు వస్తుంది, దాన్ని 490 నానోమీటర్ల వద్ద చదివి గ్లూకోజ్ ప్రామాణిక రేఖతో పోల్చాలి. ఆమ్లం పోయగానే ట్యూబు చేతిని కాల్చేంత వేడెక్కుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో, కళ్లద్దాలతోనే చేయండి. బరువులో చక్కెర వాటా చాలా తక్కువగా ఉంటే, మీరు తూచినది ఎక్కువగా ప్రోటీనో ఉప్పో అయి ఉంటుంది. ఆమ్లంతో గొలుసును విడగొట్టి పలుచని పొర క్రొమటోగ్రఫీ చేస్తే, గ్లూకోజ్ ఒక్కటే వచ్చినప్పుడు డెక్స్‌ట్రాన్ వంటి గ్లూకాన్ అనీ, ఫ్రక్టోజ్ వచ్చినప్పుడు లెవాన్ జాతిదనీ తెలుస్తుంది. గాఢమైన ఆమ్లంలో ఎక్కువసేపు వేడిచేస్తే ఫ్రక్టోజ్ చెడిపోతుంది కాబట్టి, తేలికపాటి ఆమ్లంతో మరొక ట్యూబు కూడా నడపాలి.

పేరు తేల్చడం

డీఎన్ఏ తీయడానికి బాక్టీరియాను గ్లూకోజ్ బ్రాత్‌లోనే పెంచండి. సుక్రోజ్‌లో పెంచితే ఆ జిగురే డీఎన్ఏతోపాటు వచ్చి పీసీఆర్‌ను (డీఎన్ఏ ప్రతులను పెంచే ప్రక్రియను) ఆపేస్తుంది. గ్రామ్ పాజిటివ్ కణగోడ మందంగా ఉంటుంది కనుక, మామూలు లైసిస్‌కు ముందు లైసోజైమ్‌తో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలి. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువును పెంచితే, అగారోజ్ జెల్ మీద దాదాపు 1,500 బేస్ జతల దగ్గర ఒకే ఒక్క పట్టీ కనిపించాలి. దాన్ని రెండు వైపుల నుంచి సీక్వెన్సింగ్ చేయించి, క్రొమటోగ్రామ్ చివర్లలో గజిబిజిగా ఉన్న భాగాన్ని కత్తిరించి, అప్పుడు మాత్రమే సీక్వెన్సులను పోల్చే సాధనమైన బ్లాస్ట్‌లో, టైప్ స్ట్రెయిన్ల (ఒక్కో జాతికి ప్రామాణికంగా తీసుకునే కల్చర్ల) సీక్వెన్సులతో పోల్చండి. జాబితాలో మొదట కనిపించిన పేరు రాసేయడం సరికాదు. 98.7 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే కొత్త జాతి కావచ్చునని ఆలోచించాలి. ఎక్కువ ఉన్నా కొన్ని జాతులు ఈ ఒక్క జన్యువుతో విడిపోవు. ప్లాంటారమ్, పెంటోసస్ జాతులు అటువంటివి. వైసెల్లా కన్ఫ్యూసా, సిబారియాల మధ్య కూడా తేడా స్వల్పం. అక్కడ ఫెఎస్ వంటి మరొక జన్యువు చూడాలి. పాత పుస్తకాల్లోని లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ 2020లో లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అయింది, ఫెర్మెంటమ్ లిమోసిలాక్టోబాసిల్లస్ ఫెర్మెంటమ్ అయింది. రిపోర్టులో కొత్త పేర్లే వాడండి.

తినే పదార్థంలో వాడాలన్న ఉద్దేశం ఉంటే, ఆహారం నుంచి వచ్చింది కనుక సురక్షితమే అని అనుకోకూడదు. రక్తకణాలను విడగొడుతుందా, యాంటీబయోటిక్‌లను తట్టుకునే జన్యువులను మోస్తున్నదా అన్నది విడిగా పరీక్షించాలి. ల్యూకోనోస్టాక్ వాంకోమైసిన్‌ను సహజంగానే తట్టుకుంటుంది, దాన్ని చూసి భయపడనవసరం లేదు. ఎంటెరోకాకస్ తట్టుకుంటే మాత్రం దాన్ని పక్కన పెట్టవలసిందే.

చివరిగా నిల్వ. కొత్తగా పెరిగిన కల్చర్‌ను 20 శాతం గ్లిజరాల్‌తో కలిపి, ఒక్కో ఐసోలేట్‌కు కనీసం ఐదు వయల్స్ మైనస్ 80 డిగ్రీల వద్ద దాచండి. సొంతంగా ఆ ఫ్రీజర్ లేని కళాశాలలు దగ్గరలోని విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు. ముఖ్యమైన ఐసోలేట్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ కల్చర్ సేకరణలో డిపాజిట్ చేయండి. జిగురు చేసే గుణం కొన్ని బాక్టీరియాల్లో ప్లాస్మిడ్ (ప్రధాన డీఎన్ఏకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉంటుంది, పదే పదే కొత్త మీడియంలోకి మారుస్తూ పోతే అది జారిపోతుంది. అందువల్ల మూడు నెలలకొకసారి ఒక వయల్ తీసి సుక్రోజ్ ప్లేటు మీద గీసి చూడండి. జిగురు రాకపోతే ఆ వరుసను ఆపివేసి, మొదటి రోజు దాచిన వయల్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.